నీలి కళ్ల కుక్కకు నేను చేయించిన గుండు

ఆ కుక్కను కటింగ్ షాపుకు తీసుకెళ్లింది నేనే. ఎవరూ పంపలేదు, ఎవరూ చెప్పలేదు. మూడో అంతస్తు వాళ్లను నేను ఎంత తిట్టుకున్నా సరే, ఈ ఒక్క మాట ముందు చెప్పకపోతే మిగతాదంతా చాడీలు చెప్పినట్టే ఉంటుంది. నాకు సంతకం వరకే చదువు. అందుకే నోటితో చెబుతున్నాను. ఎక్కడైనా ముందుది వెనక అయితే ఏమీ అనుకోకండి.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద నుంచి లోపలికి రెండు మలుపులు తిరిగితే మా అపార్టుమెంటు. మాది అంటే నేను ఊడ్చేది అని. మా ఆయన అక్కడ వాచ్‌మన్. ఆయన పోయాక గది ఖాళీ చేయమంటారని వారం రోజులు మూట కట్టుకుని కూర్చున్నాను. ఎవరూ అనలేదు. మెట్లు ఊడవాలి, మోటారు వేయాలి, అయిదు అంతస్తుల చెత్త కిందికి దించాలి. ఆ పనులు చేసే మనిషి కావాలి కాబట్టి నన్ను ఉంచారు. పార్కింగులో మెట్ల కింది గది. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది.

నేను కుక్కల మనిషిని కాను. మా ఊళ్లో కుక్కను ఎవరూ ఎంచుకుని తెచ్చుకోరు. అదే వచ్చి గడప బయట పడుకుంటుంది. రెండు రోజులు తరిమితే మూడో రోజు అన్నం పెడతారు. అంతే, అది ఆ ఇంటి కుక్క. ఏ జాతిదని ఎవరూ అడగరు. పట్నం వచ్చాకే తెలిసింది, కుక్కలకు కూడా చీరల్లాగా ఏడాదికొక మోజు ఉంటుందని. నేను వచ్చిన కొత్తలో అన్నీ తెల్లటి చిన్న బొచ్చుకుక్కలు. తర్వాత బంగారు రంగువి వచ్చాయి. ఆ తర్వాత ఈ నీలి కళ్లవి. హస్కీ అంటారు. మంచు దేశంలో బండ్లు లాగే కుక్క అట. ముందు మా సందు చివర మిఠాయి కొట్టు వాళ్లు తెచ్చారు. నెల తిరగకముందే ఎదురు అపార్టుమెంటులో ఒకటి దిగింది. అశోక్ నగర్‌లో ఒక హాస్టలు యజమాని కూడా తెచ్చి గేటుకు కట్టాడు. పరీక్షలకు చదివే పిల్లలు టీ గ్లాసులు పట్టుకుని దాని పక్కన నిలబడి ఫొటోలు దిగేవాళ్లు.

మా మూడో అంతస్తులో ఒక బ్యాంకు మేడమ్ ఉండేది. కోస్తా వైపు వాళ్లు. భార్యాభర్తలు ఇద్దరూ ఉద్యోగాలు. కూతురు నారాయణగూడలో కాలేజీ చదివేది. రెండున్నరేళ్ల కింద దసరా సెలవుల్లో వాళ్లు లిఫ్టు దగ్గర బుట్ట దించి నన్ను పిలిచారు.

"ఏమ్మా, చూడు, మా బుజ్జిది ఎలా ఉందో!"

వంగి చూశాను. పిల్లి పిల్లంత ఉంది. ఒంటి నిండా బొచ్చు, రెండు నీలి కళ్లు.

"గీ కండ్లేందమ్మా గిట్లున్నయి? చూపు ఆనుతదా దీనికి?"

ముగ్గురూ నవ్వారు. "దాని గొప్పే ఆ కళ్లమ్మా" అంది మేడమ్.

"ఎండకాలం ఎట్ల మరి? గింత బొచ్చు పెట్టుకొని?"

"ఏసీ ఉందిగా. అమ్మినాయన కూడా ఏసీ ఉంటే చాలన్నాడు."

"దీని తల్లిని చూసిండ్రా?"

"తల్లినా? ఆయన కారులో తెచ్చి గేటు దగ్గర ఇచ్చి వెళ్లాడమ్మా. తల్లినెక్కడ చూస్తాం?"

"బర్రెదూడను కొన్నా తల్లిని చూస్తరమ్మా. పాలెట్లిస్తది, పొడుస్తదా, తంతదా అని సూడకుంటె ఎట్ల?"

"ఇది బర్రె కాదు ఆంటీ!" అని కూతురు బుట్ట ఎత్తుకుని లిఫ్టులోకి పోయింది. వాళ్ల నవ్వు మూడో అంతస్తు దాకా వినిపించింది. నేనూ నవ్వుకున్నాను. నాకేం తెలుసని.

ఆ పిల్ల ఏడాదిలో దూడంత అయింది. పొద్దున తొమ్మిదికి ఇంటికి తాళం పడితే మళ్లీ సాయంత్రమే తీసేది. లోపల అది సోఫా చించింది, తలుపు గీరింది, చెప్పులు నమిలింది. అది మొరగదు, ఏడుస్తుంది. మెడ పైకెత్తి చచ్చిన ఇంట్లో ఆడవాళ్లు ఏడ్చినట్టు రాగం తీస్తుంది. నాలుగో అంతస్తు వాళ్లు గొడవ పెట్టుకున్నారు. పొద్దున్నే నడిపిద్దామని సారు గొలుసు పట్టుకుంటే, బండి లాగే జాతి కదా, ఆయన్ను ఇందిరా పార్కు వైపు ఈడ్చుకుపోయింది. మోచేయి దోక్కుపోయి వచ్చాడు. మర్నాటి నుంచి ఆ నడక కూడా లేదు.

"పగటి పూట కింద నీ దగ్గర ఉంటుందమ్మా, కాస్త చూసుకో. సాయంత్రం తీసుకెళ్తాం" అంది మేడమ్.

మొదట్లో రోజూ సాయంత్రం తీసుకెళ్లారు. తర్వాత రోజు విడిచి రోజు. తర్వాత ఆదివారం కూతురు దిగి వచ్చి ఫొటో తీసుకుని పోయేది. వాళ్లు పెట్టిన పేరు ఇంగ్లీషు పేరు, నా నాలుకకు తిరగలేదు. నేను బిడ్డా అనేదాన్ని. గోనెసంచి తడిపి మెట్ల కింద పరిస్తే దాని మీద ముందరి కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని, పంచాయితీలో పెద్దమనిషిలా కూర్చునేది. నేను కూసో అంటే కూర్చునేది. ఇంకెవరి మాటా వినేది కాదు. ఆయన పోయాక ఆ గదిలో నా మాట వినే ప్రాణం అదొక్కటే.

అప్పుడు మే నెల వచ్చింది. పైన కాంక్రీటు, చుట్టూ వేడి కార్లు. దాని నాలుక ఒక పక్కకు వేలాడేది. పొట్ట ఎగిరెగిరి పడేది. బకెట్ నీళ్లు పోస్తే గంట సేపు బాగుండేది, మళ్లీ అదే. పైకి పోయి చెప్పాను. "ఏసీ ఒక్క బెడ్రూములోనే కదమ్మా, అక్కడ పెడితే పరుపంతా చించేస్తోంది" అంది మేడమ్.

నేను చిన్నగా ఉన్నప్పుడు మా అమ్మ ఎండలు ముదరగానే మా అయిదుగురికీ ఒకే రోజు గుండు కొట్టించేది. వరసగా కూర్చోబెట్టి నెత్తి మీద నీళ్లు గుమ్మరించేది. ఆ చల్లదనం నాకు ఇప్పటికీ నెత్తి మీద ఉన్నట్టే ఉంటుంది. ఎండాకాలంలో పిల్లలకు గుండు చేయించడం తల్లి చేయాల్సిన పని. నాకు తెలిసింది అంతే. తెలిసిందే చేశాను.

అశోక్ నగర్ మలుపులో హాస్టలు పిల్లలకు కటింగ్ చేసే షాపు ఒకటి ఉంది. పొద్దున్నే పట్టుకుపోయాను. అతను కత్తెర పట్టుకుని బయటికొచ్చాడు.

"ఏందక్కా, కుక్కకు మొక్కున్నదా?"

"మొక్కు లేదు పాడు లేదు. ఉడికి సస్తుంది పిల్ల. మొత్తం తీసెయ్యి."

"కరిస్తెనో?"

"కరవదు. నేను కూసోమంటె కూసుంటది."

లోపల కుర్చీలో వంతు కోసం కూర్చున్న ఒక పిల్లగాడు పుస్తకం మూసి నవ్వాడు. "అన్నా, ముందు దానికే కానియ్యి. నాకంటె ముందు దానికే జాబ్ వచ్చేటట్టున్నది."

మెట్టు మీద కూర్చుని నా మోకాలి దగ్గరికి లాక్కున్నాను. కూసో అన్నాను. కూర్చుంది. మిషన్ చప్పుడుకు ఒకసారి ఉలిక్కిపడి, తల నా ఒళ్లో పెట్టుకుంది. పైన ముదురు రంగు బొచ్చు, దాని కింద తెల్లటి దూది లాంటి మరో వరస. రెండూ కుప్పలు కుప్పలుగా రాలాయి. చర్మం గులాబి రంగులో బయటపడింది. "రెండు తలదిండ్లకు సరిపోతదక్కా" అన్నాడతను. అందరం నవ్వాం. సందులో అందరూ మంచి పని అన్నారు. సాయంత్రం మేడమ్ కూడా, "అయ్యో, నాకు తట్టనే లేదమ్మా, ఎంత హాయిగా ఉంటుందో దానికి!" అంది. ఆ రాత్రి నేను ఎంతో సంతోషంగా పడుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అంత సంతోషం మా ఆయన పోయాక అదే మొదటిసారి.

గాలి తగులుతుందని మర్నాటి నుంచి గేటు దగ్గర కట్టాను. మధ్యాహ్నం ఎండ అటు తిరుగుతుందని తెలుసు. బొచ్చు లేదు కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. నాలుగో రోజుకు వీపు ఎర్రగా కమిలింది. అయిదో రోజుకు బొబ్బలు. కొబ్బరినూనె రాశాను. అది అరవలేదు, నా చేతిని నాకింది.

నారాయణగూడలో ఒక పశువుల డాక్టరమ్మ దగ్గరికి ఆటోలో తీసుకుపోయాను. ఆమె వీపు చూసి, నన్ను చూసింది.

"ఎవరు తీయించిండ్రు దీని బొచ్చు?"

"నేనేనమ్మా. ఉడికిపోతుందని."

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఆ బొచ్చు దానికి గొడుగమ్మా. పై వరస ఎండను ఆపుతది, లోపలి వరస వేడిని లోపలికి రానియ్యదు. చలికి ఎట్లనో ఎండకు గట్లనే. నువ్వు గొడుగు గుంజుకొని ఎండల నిలబెట్టినవు."

"మల్ల వస్తదా అమ్మా?"

"వస్తే ఏడాది పడ్తది. కొన్నిటికి మచ్చలు మచ్చలుగ వస్తది. కొన్నిటికి రాదు." మందు రాస్తూ రాస్తూ ఆగింది. "ఈ వారంల నా దగ్గరికి గిసుంటివి మూడు వచ్చినయి. ముందు ఇంటిని చూసుకోవాలె కదమ్మా. పొద్దంత ఎవరుంటరు, ఎవరు తిప్పుతరు, మే నెలల ఎక్కడ పండుకుంటది, అవన్ని చూసుకున్నంక కదా కుక్కను చూడాలె. అందరు కండ్లు చూసి తెచ్చుకుంటరు."

వానలు పడ్డాయి. పుండ్లు మానాయి. బొచ్చు మాత్రం ఎండిన చెలకలో గడ్డిలా అక్కడక్కడ లేచింది. వీపు మధ్యలో రెండు అరచేతులంత మేర ఏమీ రాలేదు.

ఆ వానల్లోనే మేడమ్ కిందికి దిగి చెప్పింది. దసరాకు వాళ్లు ఇల్లు మారుతున్నారు. కొత్త అపార్టుమెంటులో కుక్కలను రానివ్వరు. "ఎవరైనా మంచివాళ్లు చూసి ఇచ్చేద్దాంలే" అంది.

"నాకియ్యుండ్రి అమ్మా" అన్నాను.

ఆమె అపార్టుమెంటు వాళ్లను అడిగింది కూడా. మూడో అంతస్తు వాళ్ల కుక్క పార్కింగులో ఉండొచ్చట, ఊడ్చే మనిషి కుక్క ఉండకూడదట. కుక్క కావాలంటే గది వదులుకోమన్నారు. గది వదిలి కుక్కను పట్టుకుని ఎక్కడికి పోవాలి? ఇక మిగిలింది ఒకటే దారి. దసరా లోపల దానికి ఒక ఇల్లు దొరకాలి. లేకపోతే రోడ్డు. ట్రాఫిక్ తెలియని, వీధి కుక్కల భాష తెలియని, ఎండకు గొడుగు లేని కుక్క రోడ్డు మీద వారం బతకదు.

కుక్కను ఇచ్చేస్తామని కూతురు ఫోన్లో పెట్టింది. జనం వచ్చారు. దోమలగూడ నుంచి ఒక జంట వచ్చింది. కళ్లు చూసి అబ్బా అన్నారు. అది లేచి తిరిగింది. వీపు చూసి అడుగు వెనక్కి వేశారు. "ఏదో రోగమున్నట్టుంది, పిల్లలున్న ఇల్లు" అన్నారు. తర్వాత వచ్చిన వాళ్లూ అంతే. ముఖం చూసి రావడం, వీపు చూసి పోవడం. "రోగం కాదు, నేనే గుండు చేయించిన" అని ఒక్కొక్కరికీ చెప్పాను. ఎవరు వింటారు. ఈ లోకంలో దానికి ఉన్న ఒకే ఒక్క ఆస్తి ఆ బొచ్చు. దాన్ని నేను కటింగ్ షాపు ముందు కుప్ప పోసి వచ్చాను.

కాచిగూడ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల ధోవతి, చేతిలో గొడుగు. ఫోన్లో కాదు, మిఠాయి కొట్టులో విని వచ్చాడట. ఆయన కళ్ల గురించి అడగలేదు. నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"పొద్దంత ఒక్కతే ఉంటదా చెల్లె?"

"నేనుంట అయ్యా. నేను లేకుంటె ఏడుస్తది."

"ఏం తింటది? ఎన్నిసార్లు బయటికి పోతది? మనుషుల మీదికి దుంకుతదా?"

ఒక్కొక్కటీ ఉన్నదున్నట్టు చెప్పాను. గుండు సంగతీ చెప్పాను. ఆయన వింటుంటే అది వచ్చి ఆయన చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుంది. అది ఎవరి దగ్గరికీ అట్లా పోదు. దొరికింది అనుకున్నాను.

ఆయన చాలా సేపు దాని తల నిమిరాడు. "నాది పై అంతస్తు చెల్లె. రేకులు. ఎండకాలం నేనే ఉండలేక స్టేషన్‌కు పోయి ఫ్యాన్ కింద కూసుంట. దీన్ని ఏడ పెట్టాలె? నాకు డెబ్బై దాటినయి. ఇది ఇంకో పదేండ్లు బతుకుతది. నేను పోతె మల్ల ఎవరి గేటు కాడ కట్టేస్తరు?"

"గిన్ని మాటలు ఎవరడిగిన్రు అయ్యా? ఏమడగనోళ్లు కొనుక్కపోతున్రు. నువ్వన్న తీస్కపో. సస్తె నీ దగ్గర సస్తది."

"గట్లనకు. సావుకు తీస్కపోను."

కాళ్లు పట్టుకున్నాను. నిజంగానే పట్టుకున్నాను. ఆయన కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. గేటు దాకా పోయి, వెనక్కి వచ్చి, దాని తల మరోసారి ముట్టుకుని పోయాడు. దాన్ని పెంచదగిన మనిషి ఆయనొక్కడే వచ్చాడు. పెంచదగిన మనిషి కాబట్టే వద్దన్నాడు. ఇంక ఎవరి కోసం చూడను?

దసరాకు రెండు రోజుల ముందు ఒక వ్యాను వచ్చింది. వెనక ఇనుప జాలీ బోనులు. ముప్పై ఏళ్ల మనిషి దిగాడు. సారు, మేడమ్ కిందికి వచ్చారు. వాళ్లకు ముందే తెలుసు.

"ఆడదే కదా సార్? ఆపరేషన్ చేయించలేదు కదా?"

"లేదు లేదు. కాకపోతే వీపు మీద జుట్టు కాస్త..." అని సారు నసిగాడు.

"బొచ్చుతోని నాకేం పని సార్. పిల్లలకు మంచిగనే వస్తది. కండ్లు నీలమున్నయి కదా, అది చాలు. గీటికి మస్తు గిరాకి."

అప్పుడు తెలిసింది, బుట్టలో వచ్చే పిల్లలు ఎక్కడి నుంచి వస్తాయో. "అమ్మా, వద్దమ్మా" అన్నాను. మేడమ్ నా వైపు చూడలేదు. "రోడ్డు మీద వదిలేయడం కన్నా నయం కదమ్మా" అని లిఫ్టు తలుపు వైపు చూస్తూ అంది. కూతురికి ఫామ్‌హౌసుకు పంపామని చెప్పారట.

అతను గొలుసు లాగాడు. అది నేల మీద బోర్లా పడింది. నాలుగు కాళ్లు చాపి, గోళ్లు నేలకు పట్టించి ఏడుపు ఎత్తుకుంది. అదే రాగం. అన్ని అంతస్తుల వాళ్లూ తొంగి చూశారు.

"నీ మాటైతే వింటుంది. కాస్త ఎక్కించమ్మా" అన్నాడు సారు.

ఎక్కించకపోతే అతను ఈడ్చేవాడు. మానిన వీపు మళ్లీ చిట్లేది. ఇవన్నీ నేను తర్వాత చెప్పుకున్న మాటలు. అప్పుడు ఏమీ అనుకోలేదు. వ్యాను దగ్గరికి నడిచి, బోను తలుపు పట్టుకుని, "రా బిడ్డా" అన్నాను. ఏడుపు ఆపి వచ్చింది. ఎక్కింది. "కూసో" అన్నాను. కూర్చుంది. ముందరి కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని నా ముఖమే చూస్తూ కూర్చుంది.

కటింగ్ షాపులోనూ నా మాట మీదే కూర్చుంది. బోనులోనూ నా మాట మీదే.

ఇప్పుడు మళ్లీ ఎండలు మొదలయ్యాయి. రెండో అంతస్తులోకి ఒక కొత్త జంట కిరాయికి వచ్చారు. ఇద్దరూ కంప్యూటరు ఉద్యోగాలు. మొన్న లిఫ్టు దగ్గర బుట్ట దించి నన్ను పిలిచారు. చూడకముందే తెలిసిపోయింది. నీలి కళ్లు.

"ఎట్లుందక్కా?" అన్నాడతను.

"దీని తల్లిని చూసిండ్రా?"

"ఆఁ అక్కా, అమ్మినోడు వీడియో పంపించిండు. ఊరికెనే తీస్కుంటమా? అన్ని చూసుకున్నంకనే తీస్కున్నం." గర్వంగా ఫోను తీసి నా ముందు పెట్టాడు.

జాలీ వెనక ఒక కుక్క ముఖం. చెవులు కిందికి వంగి ఉన్నాయి. ముఖం మాత్రమే తీశారు. మెడ దగ్గర ఆపేశారు. వీపు లేదు. ఫోన్లో ఎవరో ఈల వేస్తున్నారు, అది అటు తిరగడం లేదు. నేను గుర్తు పట్టాను. ఏడాది పాటు నా గోనెసంచి మీద కూర్చున్న ముఖం నాకు తెలియదా?

"ఇంకొక్కపారి పెట్టు నాయనా."

మళ్లీ పెట్టాడు. "మస్తున్నది కదక్కా తల్లి? దీనికి గూడ గంత బొచ్చు వస్తది కదా?"

"దీని వీపు చూపెట్టమను."

"వీపెందుకక్కా?"

చెప్పాలనే నోరు తెరిచాను. అతని భార్య పిల్లను గుండెకు హత్తుకుని నవ్వుతూ నిలబడింది. "తల్లికి బొచ్చు తీయించింది నేనే, దీనికి మాత్రం ఎన్నటికీ తీయించొద్దు" అని మాత్రం చెప్పాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు మతి సరిగ్గా లేదనుకున్నట్టున్నారు. అతను నెమ్మదిగా అన్నాడు.

"సరే అక్కా. మేమిద్దరం పొద్దున పోతె రాత్రికే వస్తం. పగలు జర నీ దగ్గర ఉంచుతం, చూస్తవా?"

ఆ ప్రశ్న వాళ్లు పిల్లను తెచ్చుకోక ముందు తమను తాము అడగాల్సింది. తెచ్చుకున్నాక నన్ను అడుగుతున్నారు.

బుట్ట అందుకున్నాను. పాత గోనెసంచి మెట్ల కిందే ఉంది, పారేయలేదు. తడిపి పరిచాను. పిల్ల దాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా వాసన చూసి, మధ్యలో పడుకుంది.